పాత ఫోనూ, సాక్షి సంతకమూ

కె.ఆర్.పురంలో కాపురముంటున్న వారికి దూరవాణినగర్ పేరు కొత్త కాదు. దూరవాణి అంటే టెలిఫోనే. 1948లో మొదలైన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ కార్ఖానా మూలంగా ఆ పేటకు ఆ పేరు వచ్చింది. అక్కడ తయారైన నల్లని టెలిఫోను ఒకసారి ఇంటికి వచ్చిందంటే ఏళ్ల తరబడి పలికేది. దుమ్ము తుడవడం తప్ప దానికి మనం చేసే సేవ ఏమీ ఉండేది కాదు. వస్తువు పగలకుండా ఉంటే బాగున్నట్టే అనే నమ్మకం మనకు ఆ రోజుల్లోనే కుదిరిపోయింది. ఇప్పటి ఫోన్ల విషయంలో ఆ నమ్మకమే మనల్ని చిక్కుల్లో పెడుతున్నది.

మా ఇంట్లో జరిగిన సంగతే చెబుతాము. మా అమ్మగారి దగ్గర 2016లో కొన్న ఫోను ఒకటి ఉండేది. అద్దం మీద గీత లేదు. బ్యాటరీ సాయంత్రం దాకా నిలిచేది. 2024 చివర్లో ఆవిడ రోజూ చదువుకునే పేజీలు కొన్ని తెరుచుకోవడం మానేశాయి. 'మీ కనెక్షను సురక్షితం కాదు' అని ఎర్రగా ఒక హెచ్చరిక వచ్చేది. ఇంటర్నెట్టు ఇచ్చేవాళ్లను నాలుగు తిట్టాము. ఫోను ఆపి మళ్లీ పెట్టాము. సందు మొగలో ఫోన్లు బాగుచేసే అతను చూసి, "అది మామూలేనండీ, కింద నొక్కి ముందుకు వెళ్లిపోండి" అన్నాడు. వారం తిరిగేసరికి మా అమ్మగారు ఆ హెచ్చరికను చదవకుండానే దాటెయ్యడం నేర్చుకున్నారు. మాకు భయం వేసింది అప్పుడే. రేపు నిజంగా దొంగ పేజీ ఎదురైనా ఆ వేలు అలాగే నొక్కుతుంది గదా! పింఛను పడే ఖాతా కూడా ఆ ఫోనులోనే ఉంది.

ఇంతకూ జరిగిందేమిటి? మనం ఒక పేజీని తెరవబోయినప్పుడు అవతలి కంప్యూటరు ముందుగా ఒక ధ్రువపత్రం చూపిస్తుంది. 'నేను ఫలానా చిరునామా దాన్నే' అని అందులో ఉంటుంది; కింద ఒక సాక్షి సంతకం ఉంటుంది. మన ఫోనులో నమ్మదగిన సాక్షుల జాబితా ఒకటి భద్రంగా ఉంటుంది. అందులో వందకు పైగా పేర్లు. సాక్షి పేరు అందులో ఉంటే తలుపు తీస్తుంది, లేకపోతే హెచ్చరిస్తుంది. రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి ఎవరో తెలియకపోతే దస్తావేజు పక్కన పెట్టరూ, అలాగన్నమాట.

ఆ జాబితా రాతి శాసనం కాదు. 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే అమెరికా ధర్మసంస్థ ఒకటి ఈ పత్రాలను ఉచితంగా అందరికీ ఇవ్వడం మొదలుపెట్టింది. లోకంలో ఎన్నో చిన్న పేజీలు దాని పత్రాలతోనే నడుస్తున్నాయి. అయితే అప్పటికే అమ్ముడుపోయిన ఫోన్లకు ఈ కొత్త సాక్షి ఎవరో తెలియదు. అందుకని అది ఒక పాత సాక్షి చేత పూచీ ఇప్పించుకుంది. ఆ పాత సాక్షి గడువు 2021 సెప్టెంబరు 30న తీరింది. ఆ రోజు పాత కంప్యూటర్లు చాలా చోట్ల మొరాయించాయి. పాత ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం మాత్రం మరో మూడేళ్లు పూచీ పొడిగించారు. అదీ 2024 సెప్టెంబరు 30తో సరి. ఆండ్రాయిడ్ 7.1.1కు ముందరి ఫోన్లకు కొత్త సాక్షి పేరు చేరనే లేదు. మా అమ్మగారి ఫోను ఆరో నంబరుది. తప్పు ఇంటర్నెట్టు వాళ్లది కాదు. వాళ్లను అనవసరంగా తిట్టాము.

అప్‌డేటు కొత్త పేర్లను చేర్చడమే కాదు, చెడ్డ పేర్లను కొట్టివేస్తుంది కూడా. 2014 జూలైలో మన దేశంలోనే నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు పేరిట, గూగుల్‌కు తెలియకుండా గూగుల్ చిరునామాలకు పత్రాలు జారీ అయిన సంగతి బయటపడింది. అవి దుర్మార్గుల చేత పడితే మన ఉత్తరాలు మధ్యలో విప్పి చదవవచ్చు. వాటిని నమ్మవద్దని ఆ నెల 10న మైక్రోసాఫ్టు అప్‌డేటు పంపింది. అప్‌డేటు అందుకోని కంప్యూటరు మాత్రం వాటిని నమ్ముతూనే కూర్చునే ప్రమాదం ఉంది.

సాక్షుల సంగతి ఇది; ఇక తలుపు గొళ్లేల సంగతి వేరు. 2017 మార్చి 14న మైక్రోసాఫ్టు విండోస్‌లోని ఒక కన్నాన్ని పూడుస్తూ అప్‌డేటు ఇచ్చింది. మే 12న వాన్నాక్రై అనే పురుగు సరిగ్గా ఆ కన్నంలో నుంచే దూరి, ఫైళ్లకు తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తానన్నది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. మందు వచ్చి అప్పటికి రెండు నెలలు! పోలీసు స్టేషనుకే కన్నం పడ్డప్పుడు మన ఇళ్ల మాట చెప్పాలా?

అయినా అప్‌డేటు అంటే పెద్దవాళ్లు ఎందుకు జంకుతారో మాకు తెలుసు. నిన్న కుడివైపున్న బొత్తాం ఇవ్వాళ ఎడమవైపుంటుంది. ఫోనులో చోటు చాలదంటుంది. మనవల ఫొటోలు తీసెయ్యమంటుంది. ఇది న్యాయమైన ఫిర్యాదే. బొత్తాలను మార్చకుండా గొళ్లెం మాత్రం బిగించి పెట్టవచ్చును గదా అని మేమూ అనుకుంటాము. పిల్లలు 'నొక్కేయ్ నానమ్మా' అని వెళ్లిపోకుండా, పక్కన కూర్చుని మారినచోట చూపిస్తే సగం భయం తీరుతుంది.

హెచ్చరిక కనబడితే మొదట ఫోనులో తేదీ సరిగా ఉందో లేదో చూడండి. తేదీ తప్పితే మంచి పత్రానికి కూడా గడువు తీరినట్టే కనబడుతుంది. ఆ తరువాత సెట్టింగులలో అప్‌డేటు ఉందేమో వెతకండి. బ్రౌజరును ప్లే స్టోరులోనుంచే కొత్తది చేసుకోండి. ఏదో పేజీ మధ్యలో దూకి 'మీ బ్రౌజరు పాతబడింది, ఇక్కడ నొక్కండి' అంటే నొక్కవద్దు. వాట్సాప్‌లో వచ్చిన ఫైలును అప్‌డేటు అనుకుని ఎక్కించవద్దు. దొంగలు ఈ వేషం కూడా వేస్తున్నారు. కొత్త ఫోను కొనేటప్పుడు కెమెరా సంగతితోపాటు అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో అడగండి. 2023లో గూగుల్ పిక్సెల్ 8కూ, 2024లో శాంసంగ్ గెలాక్సీ ఎస్24కూ ఏడేళ్లు ఇస్తామన్నారు. చవక ఫోన్లలో చాలా వాటికి అంత ఉండదు. ఇంట్లో విండోస్ 10 కంప్యూటరు ఉంటే దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని గుర్తుంచుకోండి.

మా అమ్మగారికి కొత్త ఫోను కొన్నాము. పింఛను ఖాతా అందులోకి మారింది. పాతదాన్ని పారేయడానికి ఆవిడ ఒప్పుకోలేదు. ఖాతాలన్నీ తీసేసి, సిమ్ము తీసేసి, ఇంటర్నెట్టు ఆపి దేవుడి గదిలో పెట్టాము. ఉదయం అయిదింటికి సుప్రభాతం వినిపిస్తున్నది.