గట్టుమీది లెక్క



1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గౌతమీ వసిష్ఠల నడుమనున్న మన సీమకు కాలువనీరు వచ్చెను. వచ్చిన నీరు చేను దాటి సముద్రము చేరనిచో సార్వా పంట మునుగును. కోనసీమ రైతులు 2011లోను, మరల 2022లోను పంట విరామము ప్రకటించిరి. 2022లో వారు మొరపెట్టుకొనిన కష్టములలో మురుగుకాలువల దుస్థితి యొకటి.

వేసవిలో కాలువలు కట్టివేసినపుడు పూడిక తీయుదురు. ఈ పనికొక చిక్కు కలదు. వంతెన కట్టినచో పదియేండ్ల తరువాతనైనను కొలిచి చూడవచ్చును. పూడిక యట్లు కాదు. నీరు వదలిన మరునాడు ఎంత లోతు త్రవ్విరో గట్టున నిలిచినవానికి తెలియదు. ఒక యూర నేనొక వృద్ధరైతును "ఏమండీ, మట్టి యెంత తీసిరి?" అని యడిగితిని. "నీళ్ళ యడుగున నున్నదయ్యా, దిగి చూచుకొనవలె" నని యాయన నవ్వెను. ఆ యేడాయన చేను రెండుమారులు మునిగెను.

కావున లెక్క పుస్తకములో నుండిన చాలదు. పని జరుగుచుండగనే, పని జరుగు గట్టుమీదనే, అది యందరి కంటబడవలెను. ఒక నల్లబల్ల నిలిపి, దానిపై కాలువ పేరు, పని పొడవు, త్రవ్వవలసిన లోతు, అంచనా సొమ్ము, నేటివరకైన పని, చెల్లించిన సొమ్ము వ్రాయవలెను. చదువురానివారి కొరకు నూరు మీటరుల కొక గుంజ నాటి, ముగిసినచోట సున్నము, మిగిలినచోట ఎఱ్ఱరంగు పూయవలెను. పశువులు తోలుకొనిపోవు బాలుడును దానిని చదువగలడు.

ఇది క్రొత్త కోరిక కాదు. 1994లో రాజస్థానమున మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు గ్రామపు పనుల మస్టరు పట్టీలను బహిరంగ సభలలో చదివి వినిపింపగా, పనిచేయనివారి పేర్లు బయటపడెను. 2005 నాటి సమాచార హక్కు చట్టము 4వ సెక్షను, ప్రభుత్వ కార్యాలయములు ప్రజలడుగకమునుపే సమాచారమును వెల్లడింపవలెనని విధించి, అందుకు సాధనములలో నోటీసు బోర్డును పేర్కొన్నది.

బల్లపై అబద్ధము వ్రాయరా యని కొందరందురు. వ్రాయవచ్చును. అందుచేత కొలత గుత్తేదారుని చేతిలో నుంచరాదు. ఆ కాలువ క్రింద చేలు గల యిద్దరు సభ్యులు ప్రతి సాయంకాలము కొలకఱ్ఱ దించి, తామే అంకె వేయవలెను. గుంజకును బల్లకును పొంది కుదరనిచో ఆ నాడే యడుగవలెను. నీరు వదలిన పిదప అడిగి ప్రయోజనము లేదు.

రాబోవు వేసవికి ముందే మీ సంఘ సమావేశమున నీ విషయము తీర్మానింపుడు. ఒక బల్లకును, కొన్ని గుంజలకును అగు ఖర్చు మునిగిన యొక యెకరపు పంట విలువకు చాల తక్కువ.