యజమాని లేని రోజున పని సాగుతుందా?

మానవ వనరుల నిర్వహణ అనగానే అది పెద్ద కంపెనీలకు, ఎం.బి.ఏ. విద్యార్థులకు మాత్రమే సంబంధించిన శాస్త్రమని చాలామంది భావిస్తారు. నిజానికి ఇద్దరు పనివారితో నడిచే బట్టల దుకాణానికైనా, కడియంలోని నర్సరీకైనా అది వర్తిస్తుంది. తగిన వ్యక్తిని ఎంచుకోవడం, పని నేర్పడం, బాధ్యత అప్పగించడం, న్యాయమైన వేతనాన్ని సకాలంలో చెల్లించడం - దాని మూలసూత్రాలు ప్రధానంగా ఈ నాలుగే.

వీటికి మన గోదావరి తీరంలోనే గొప్ప నిదర్శనం ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట కోసం ఆర్థర్ కాటన్ ఆరుగురు ఇంజనీర్లను, ఎనిమిదిమంది సహాయకులను, రెండువేలమంది తాపీపనివారిని కోరాడు. ప్రభుత్వం మంజూరు చేసింది మాత్రం అనుభవం లేని ఒక యువకుణ్ణి, ఇద్దరు అప్రెంటిస్‌లను, కొద్దిమంది సర్వేయర్లను! అయినా 1847లో పని మొదలైంది. దాదాపు పదివేలమంది కూలీలు అందులో పాల్గొన్నారు. వారిని సమకూర్చి పని నడిపించడంలో స్థానికుడైన వీణెం వీరన్న కాటన్‌కు కుడిభుజంగా నిలిచాడు.

అసలు పరీక్ష 1848లో ఎదురైంది. అనారోగ్యం వల్ల కాటన్ ఆస్ట్రేలియా వెళ్ళవలసి వచ్చింది. బాధ్యతను కెప్టెన్ ఆర్ స్వీకరించాడు. కాటన్ 1850లో తిరిగి వచ్చాడు. 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది. నాయకుడు లేనప్పుడు కూడా సాగగలిగే పనే చక్కని నిర్వహణకు గీటురాయి.

మన కుటుంబ వ్యాపారాల పరిస్థితి ఏమిటి? లెక్కలు, బాకీలు, సరుకు వచ్చే చోటు - అన్నీ ఒక్క యజమాని మనసులోనే ఉంటాయి. ఆయన మంచాన పడితే దుకాణం మూతపడుతుంది. ఆయన కన్నుమూస్తే, ఎవరికెంత ఇవ్వాలో, ఎవరినుంచి ఎంత రావాలో తెలియక భార్యాబిడ్డలు దిక్కుతోచని స్థితిలో పడతారు. ఇతరుల బాకీలు మనపై ఉన్న అమానతు కాదా?

పనివానిలో సామర్థ్యం, విశ్వసనీయత రెండూ ఉండాలని హజ్రత్ మూసా (అలైహిస్సలాం) వృత్తాంతం మనకు బోధిస్తుంది. విశ్వసనీయుడని తెలిసిన తర్వాత కూడా అతనికి ఏ బాధ్యతా అప్పగించకపోతే ఆ సామర్థ్యం ఎలా వికసిస్తుంది? కూలి చెల్లింపులో జాప్యం కూడదన్న దైవప్రవక్త (స) బోధనను విస్మరిస్తే ఆ విశ్వాసం ఎలా నిలుస్తుంది?

కాబట్టి ఈ నెలలోనే బాకీల వివరాలు ఒక పుస్తకంలో వ్రాసి ఇంట్లోవారికి చూపండి. పనివానికి ఒక కొత్త పని పూర్తిగా నేర్పండి. ఒక రోజు దుకాణం అతనికి అప్పగించి చూడండి. ఆనాడు ఎక్కడ పని ఆగిపోతుందో, మీరు నేర్పవలసినది అక్కడే మిగిలి ఉందని గ్రహించండి.