ఫోలేట్ రెండు ముఖాలు: పెద్దపేగు క్యాన్సర్‌లో డి.ఎన్.ఎ. మిథైలేషన్

ఆకుకూరలు, పప్పుధాన్యాలు సమృద్ధిగా భుజించేవారిలో పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లు తక్కువగా కనిపిస్తాయన్నది పోషకాహార శాస్త్రంలో చిరకాలంగా ఉన్న పరిశీలన. ఈ రక్షణకు మూలం ఫోలేట్ అనే బి-విటమిన్ కావచ్చునన్న ఊహకు 1998లో వెలువడిన అమెరికా నర్సుల ఆరోగ్య అధ్యయనం గట్టి బలం చేకూర్చింది. 88,756 మంది మహిళలను పరిశీలించగా, ఫోలిక్ ఆమ్లం గల మల్టీవిటమిన్ మాత్రలను పదిహేనేళ్లు, అంతకు పైబడి వాడినవారిలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 75 శాతం తక్కువగా ఉన్నట్లు తేలింది.

తొమ్మిదేళ్ల తరువాత, 2007లో, దీనికి విరుద్ధమనిపించే ఫలితం వెలువడింది. పేగులోని అడినోమాలను, అనగా క్యాన్సర్‌గా మారగల చిన్న కణుతులను, అప్పటికే తొలగించుకున్న 1,021 మందిపై ఆ ప్రయోగం జరిగింది. కొందరికి రోజుకు 1 మిల్లీగ్రాము ఫోలిక్ ఆమ్లం, తక్కినవారికి మందులేని మాత్ర ఇచ్చారు. తొలి మూడేళ్లలో కొత్త అడినోమాల సంఖ్యలో చెప్పుకోదగిన తేడా లేదు. తరువాతి దశ పరీక్షలో మాత్రం, ఫోలిక్ ఆమ్లం తీసుకున్నవారిలో మూడు లేదా అంతకు మించిన అడినోమాలు ఏర్పడే ముప్పు రెట్టింపును దాటింది. మొదటిది కేవలం పరిశీలన, రెండవది యాదృచ్ఛిక ప్రయోగం. అయినను ఈ వైరుధ్యాన్ని పద్ధతుల భేదంగా మాత్రమే కొట్టివేయడం సరికాదు. దాని మూలం ఫోలేట్ జీవక్రియలోనే ఉన్నది.

కణంలో ఫోలేట్ నిర్వహించే పని ఒక్కటే: ఒక కార్బన్ పరమాణువు గల రసాయన భాగాలను మోసుకొనిపోయి అవసరమైన చోట అందించడం. ఈ సరఫరా ప్రధానంగా రెండు కాలువలుగా చీలుతుంది. మొదటి కాలువ డి.ఎన్.ఎ. తయారీకి పోతుంది. అక్కడ థైమిడిలేట్ సింథేస్ అనే ఎంజైము ఫోలేట్ తెచ్చిన కార్బన్‌తో థైమిన్ నిర్మాణాన్ని పూర్తిచేస్తుంది. ఫోలేట్ కొరవడితే థైమిన్ ఉండవలసిన చోట యురాసిల్ చేరుతుంది. దానిని తొలగించే మరమ్మతు యంత్రాంగం పదే పదే కోత పెట్టడంతో డి.ఎన్.ఎ. పోగులు తెగుతాయి. కొద్ది రోజులకొకసారి తన పైపొరను పునర్నిర్మించుకునే పేగువంటి కణజాలానికి ఇది సామాన్యమైన నష్టం కాదు.

రెండవ కాలువ తూము వద్ద ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. అనే ఎంజైము ఉంటుంది. అది దాటిన ఫోలేట్ వెనుకకు మరలదు. మిథైల్ రూపంలో ముందుకే పోవాలి. విటమిన్ బి12 సహాయంతో ఆ మిథైల్ సమూహం హోమోసిస్టీన్‌ను చేరి మిథియోనిన్‌గా, ఆపై ఎస్-అడినోసిల్ మిథియోనిన్‌గా మారుతుంది. డి.ఎన్.ఎ.లోని సైటోసిన్‌పై మిథైల్ ముద్ర వేసే ఎంజైములు ఈ నిల్వ నుండే ముడిసరుకు తీసుకుంటాయి. బి12 లోపిస్తే ఫోలేట్ మిథైల్ రూపంలోనే చిక్కుకుపోయి, ఉండి కూడా లేనట్లే అవుతుంది. ఫోలేట్ చర్చలో బి12 ప్రస్తావన తరచుగా జారిపోవడం విచారకరం.

క్యాన్సర్ కణంలో ఈ ముద్రల క్రమం తారుమారవుతుంది. పెద్దపేగు కణుతుల డి.ఎన్.ఎ.లో మిథైలేషన్, పక్కనున్న ఆరోగ్యకర కణజాలంలో కంటె తక్కువగా ఉన్నదని 1983లో ఫైన్‌బర్గ్, వోగెల్‌స్టైన్ ప్రకటించారు. మొత్తంమీద ముద్రలు తగ్గినప్పటికీ, కొన్ని జన్యువుల ఆరంభ స్థానాల్లో అవి అధికంగా చేరి ఆ జన్యువులను నిద్రపుచ్చుతాయి. అలా మూగబోయేవాటిలో డి.ఎన్.ఎ. మరమ్మతుకు తోడ్పడే ఎం.ఎల్.హెచ్.1 జన్యువు ఒకటి. కనుక ‘ఫోలేట్ పెరిగితే మిథైలేషన్ పెరుగుతుంది, అది మేలు’ అన్న సూత్రం సరిపోదు. ఏ ముద్ర ఎక్కడ పడినదన్నదే ముఖ్యం.

ప్రకృతి స్వయంగా నిర్వహించిన ప్రయోగం ఒకటున్నది. ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. జన్యువులో 677వ స్థానంలో సైటోసిన్‌కు బదులు థైమిన్ ఉన్నవారిలో ఆ ఎంజైము మందగిస్తుంది. రెండు ప్రతులూ అలా ఉన్నవారిలో, ఫోలేట్ తగినంతగా ఉంటే, పెద్దపేగు క్యాన్సర్ ముప్పు తక్కువ. తూము సగం మూసినందున డి.ఎన్.ఎ. తయారీ కాలువకు నీరు అధికంగా అందడమే దీనికి ఇచ్చే వివరణ. ఫోలేట్ కొరవడినా, మద్యపానం తోడైనా ఈ రక్షణ కనుమరుగవుతుంది.

అయితే డి.ఎన్.ఎ. తయారీకి అందిన ఈ నీరు పైరుకూ కలుపుకూ భేదమెంచదు. దీనిని ముందుగా వెల్లడించిన చరిత్రలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పాత్ర గణనీయం. ఆయన నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ కోవకు చెందిన పదార్థాలను ల్యుకేమియా పీడిత బాలలకు ఇవ్వగా వ్యాధి ఉధృతమైనట్లు కనిపించింది. దాంతో అదే బృందం రూపొందించిన ఫోలేట్ విరోధి అమినోప్టెరిన్‌ను ప్రయోగించగా, కొందరు బాలల్లో వ్యాధి తాత్కాలికంగా ఉపశమించినట్లు 1948లో ప్రకటించారు. సుబ్బారావు ఆ ఏడాదే మరణించారు. నేటికీ పెద్దపేగు క్యాన్సర్ చికిత్సలో వాడే 5-ఫ్లోరోయురాసిల్ అడ్డగించేది పైన చెప్పిన థైమిడిలేట్ సింథేస్‌నే.

2007 నాటి ఫలితాన్ని ఈ వెలుగులో చూస్తే వైరుధ్యం చాలావరకు తొలగుతుంది. ఆరోగ్యకరమైన పైపొరలో ఫోలేట్ పొరపాట్లను నివారిస్తుంది. కంటికి కనిపించని కణుతులు అప్పటికే ఉన్నచోట వాటి విభజనకు ఆహారమవుతుంది. భయాన్ని మాత్రం హద్దుల్లో ఉంచుకోవాలి. సుమారు 50,000 మందికి సంబంధించిన 13 ప్రయోగాలను కలిపి 2013లో విశ్లేషించినప్పుడు, ఫోలిక్ ఆమ్లం వల్ల ఆ ప్రయోగాల కాలంలో మొత్తం క్యాన్సర్లు గణనీయంగా పెరగడం గాని తగ్గడం గాని కనిపించలేదు.

విస్తరణ శాస్త్రజ్ఞులకు ఇక్కడ మోతాదుల లెక్క అవసరం. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పురుషునికి రోజుకు 300 మైక్రోగ్రాముల ఫోలేట్ కావాలి. ప్రయోగంలో వాడిన మాత్ర అందుకు మూడు రెట్లు మించినది; పైగా కృత్రిమ ఫోలిక్ ఆమ్లం ఆహార ఫోలేట్ కంటె సులభంగా శరీరానికి పడుతుంది. మన బలవర్ధక బియ్యంలో కిలోకు 75 నుండి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉండాలన్నది ప్రమాణం. రోజుకు 400 గ్రాముల బియ్యం వండుకునే వ్యక్తికి అందేది 30 నుండి 50 మైక్రోగ్రాములు మాత్రమే. అమెరికాలో 1998 నుండి తప్పనిసరైన ప్రమాణం 100 గ్రాముల పిండికి 140 మైక్రోగ్రాములు, అనగా కిలోకు మన గరిష్ఠానికి పదిరెట్లకు పైమాటే. అక్కడి ఆందోళనను ఇక్కడి చౌకధరల దుకాణం బియ్యానికి అంటగట్టడం అసంబద్ధం. మన బియ్యపు ప్రమాణంలో బి12 కూడా చేర్చడం సమంజసమైన నిర్ణయం.

వంట పద్ధతి విషయం వేరు. పాలకూరను నీటిలో ఉడికిస్తే దాదాపు సగం ఫోలేట్ పోతుందని, ఆవిరిపై ఉడికిస్తే చెప్పుకోదగిన నష్టం ఉండదని ఒక పరిశోధనలో తేలింది. పోయినదంతా నశించదు, అధికభాగం ఉడికించిన నీటిలోకి దిగుతుంది. ఆకుకూరను పప్పుతో కలిపి వండే మన ఇళ్లలో ఆ నీరు పప్పులోనే నిలుస్తుంది. విడిగా ఉడికించి, వార్చి, తాలింపు వేసే వేపుళ్లలోనే అది పారబోతకు పోతుంది.