బస్తర్‌లో పడవ విహారం: తేదీని నిర్ణయించేది ఇంద్రావతి ప్రవాహమే

చిత్రకోట్ జలపాతం పేరు వినగానే పర్యాటకుల మనసులో రెండు దృశ్యాలు మెదులుతాయి. గుర్రపు నాడా ఆకారంలో దాదాపు 300 మీటర్ల వెడల్పున ఉరికే ఇంద్రావతి ఒకటి. తుంపరలను చీల్చుకుంటూ జలపాతం పాదాల చెంతకు సాగే చిన్న పడవ రెండోది. ఈ రెండూ ఒకే రోజున లభించడం అరుదు. జలపాతం నిండుగా ఉన్నప్పుడు పడవలను నిలిపివేస్తారు. పడవలు నిశ్చింతగా తిరిగే నెలల్లో జలపాతం పాయలుగా విడిపోతుంది. పిల్లలు, వృద్ధులతో కలిసి రెండు మూడు రోజుల విహారానికి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌కు వెళ్లదలచిన కుటుంబాలు ముందుగా ఈ సంగతిని గ్రహించాలి.

కాలువ వేరు, నది వేరు

ఇంగ్లండ్ కాలువల్లో 'నారోబోటు' విహారం ప్రసిద్ధం. సుమారు ఏడడుగుల వెడల్పు ఉండే ఈ పడవను కుటుంబమే అద్దెకు తీసుకుని, అందులోనే వండుకుని, నిద్రించి, స్వయంగా నడుపుకుంటుంది. వేగం గంటకు నాలుగు మైళ్లు మించకూడదు. అనుభవం లేనివారు కూడా అక్కడ పడవ నడపగలగడానికి ప్రధాన కారణం లాకులు. తలుపులు మూసి నీటిమట్టాన్ని పెంచి లేదా తగ్గించి పడవను దాటించే ఈ ఏర్పాటు గోదావరి డెల్టా వాసులకు కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి సాగే కాలువల్లో ఒకప్పుడు సరుకుల పడవలు ఇలాగే ప్రయాణించేవి. నీరు మనిషి అదుపులో ఉంటుంది కనుక ఏ రోజు ఎంత దూరం వెళ్లవచ్చో ముందే లెక్క వేసుకోవచ్చు.

చిత్రకోట్ వద్ద ఇంద్రావతిది భిన్నమైన స్వభావం. ఒడిశాలోని కలహండి జిల్లాలో పుట్టిన ఈ నది బస్తర్ పీఠభూమి మీదుగా ప్రవహించి, చివరకు గోదావరిలో కలుస్తుంది. ఎగువన కురిసిన వానను బట్టి దిగువన ప్రవాహం మారుతుంది. అందువల్ల ఇక్కడ పడవ నడిపే బాధ్యత, నడపాలా వద్దా అనే నిర్ణయం నదిని ఎరిగిన స్థానిక పడవవారివే.

ఏ నెలలో ఏమి లభిస్తుంది?

జులై నుంచి సెప్టెంబరు వరకు ఎర్రటి వరదనీటితో జలపాతం మహోగ్రంగా ఉంటుంది. ఆ కాలంలో ఒడ్డు నుంచి చూసి ఆనందించడమే తగిన పని. అక్టోబరులో ప్రవాహం క్రమంగా తగ్గుతుంది. అయితే 75 రోజుల బస్తర్ దసరా ముగింపు ఘట్టాలు సాధారణంగా ఈ సమయంలోనే జరుగుతాయి కనుక జగదల్‌పూర్‌లో గదులను ముందుగానే కుదుర్చుకోవడం మంచిది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు చల్లని వాతావరణం, నెమ్మదించిన నీరు పిల్లలున్న కుటుంబాలకు అనుకూలం. వేసవిలో జలపాతం సన్నని ధారలకు పరిమితమవుతుంది. ఎగువన ఒడిశా సరిహద్దు వద్ద ఇంద్రావతి నీరు జోరా నాలా వైపు మళ్లడం ఇందుకు ఒక కారణం. ఈ నీటి పంపకంపై రెండు రాష్ట్రాల మధ్య చాలాకాలంగా చర్చలు సాగుతున్నాయి.

మూడు రోజుల ప్రణాళిక

విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలు మార్గంలో జగదల్‌పూర్ ఉంది. పగటి ప్యాసింజరు రైలులో వెళితే సొరంగాలు, లోయలు చూస్తూ దాదాపు రోజంతా ప్రయాణమే. వర్షాకాలంలో కొండచరియలు విరిగిపడి ఈ మార్గంలో అంతరాయాలు ఏర్పడుతుంటాయి. భద్రాచలం వైపు నుంచి వచ్చేవారికి కుంట, సుక్మా మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి ఉంది.

మొదటి రోజును ప్రయాణానికి, విశ్రాంతికి కేటాయించాలి. రెండో రోజు జగదల్‌పూర్‌కు సుమారు 38 కిలోమీటర్ల దూరంలోని చిత్రకోట్‌కు వెళ్లాలి. పడవ దొరకని పక్షంలో మర్నాడు ప్రయత్నించే వీలుండేలా జలపాతం సమీపంలోనే బస చేయడం ఉత్తమం. మూడో రోజుకు 1982లో జాతీయ వనంగా ప్రకటించిన కాంగేర్ లోయ అనువైనది. తీర్థగఢ్ జలపాతం, వర్షాకాలంలో మూసివేసే కోటంసర్ గుహ ఈ లోయలోనివే. ఇక్కడి ధుడ్మారాస్ గ్రామ యువకులు కాంగేర్ నదిపై వెదురు తెప్పలు నడుపుతారు. ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ 2024లో ఉత్తమ పర్యాటక గ్రామాల ఉన్నతీకరణ కార్యక్రమానికి ఎంపిక చేసిన 20 గ్రామాల్లో ఇదీ ఒకటి. ఇక్కడ పర్యాటకులు చెల్లించే రుసుము గ్రామ యువతకు ఉపాధిగా మారుతుంది.

'ఈరోజు వద్దు' అంటే వద్దనే

2019 సెప్టెంబరు 15న నాటి తూర్పు గోదావరి జిల్లా కచ్చులూరు వద్ద పాపికొండల విహారానికి బయలుదేరిన పడవ గోదావరి వరదలో మునిగిపోయింది. 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. వరద ఉద్ధృతిలో పెద్ద పడవకూ రక్షణ ఉండదని ఆ దుర్ఘటన చాటింది.

పడవ ఎక్కకముందే ప్రతి ఒక్కరూ లైఫ్ జాకెట్ ధరించి, పట్టీలు బిగించుకోవాలి. పెద్దల జాకెట్ చిన్నారి శరీరానికి నిలవదు. పిల్లల కొలతకు తగినది లేకపోతే వారిని ఒడ్డునే ఉంచడం క్షేమం. పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకున్న పడవను వదులుకోవాలి. పడవ కదులుతుండగా ఫొటోల కోసం లేచి నిలబడరాదు. ఎగువన వాన పడిందని పడవవారు ప్రయాణం నిరాకరిస్తే, అధిక రుసుము ఆశచూపి ఒత్తిడి చేయరాదు.

అందుకే ఈ విహారానికి బయలుదేరేవారు పడవ ప్రయాణం లేకపోయినా సంతృప్తినిచ్చే ప్రణాళికను సిద్ధం చేసుకోవాలి. చేతిలో ఒక రోజు అదనంగా ఉంటే, పడవవారు వద్దన్న రోజున ఆగిపోవడం ఏ కుటుంబానికీ కష్టం కాదు.