నా మోచెయ్యి ఎందుకు చాపలేకపోతున్నాను?



పొద్దున డ్రిల్లులో చేతులు చాచమంటే నా కుడి చెయ్యి ఒక్కటే కొడవలిలా వంగి ఉంటుంది. "ఆపరేషన్ చేశారు, కట్టు విప్పేశారు, ఇంకా బాగవలేదేంట్రా?" అని రోజుకి పది మంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను. రాసింది కూడా ఆ చేత్తోనే, అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకండి.

వేసవి సెలవుల్లో పనసచెట్టు మీంచి రాయి మీద పడ్డాను. మోచెయ్యి దగ్గర ఎముక ముక్కలు ముక్కలయింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి రెండు ప్లేట్లు, స్క్రూలు వేశారు. నాలుగు నెలలయింది. ఎముక అతికింది, ఎక్స్‌రేలో నేనే చూశాను. అయినా చెయ్యి చాపలేను. ఎందుకంటే ఎముక అతకడం వేరు, కీలు తిరిగి రావడం వేరు.

మోచెయ్యి మడతబందు కీలు, తలుపు బందులాంటిది అని సైన్సు పాఠంలో చదివాం. నిజానికి అది అంత తేలికైనది కాదు. భుజాస్థి, రత్ని, అరత్ని మూడూ అక్కడ ఒకే సంచిలో కలుస్తాయి. దెబ్బకి ఆ సంచి వాచి, లోపల రక్తం చేరుతుంది. మానేటప్పుడు దళసరిగా, బిగుతుగా అయిపోతుంది. తడిసిన తోలు ఎండితే ఎలా బిగుస్తుందో డప్పు కట్టేవాళ్లని అడగండి, అలాంటిదే. అందుకే మోచెయ్యిని ఎక్కువ రోజులు కదపకుండా కట్టి ఉంచితే బిగుసుకుపోతుంది. ప్లేట్లు వేసేది ముక్కల్ని కలిపి ఉంచడానికి మాత్రమే కాదు, ఎముక పూర్తిగా అతికే లోపే కీలుని కదపడానికి కూడా. నాకు రెండో వారం నుంచే కదపమన్నారు. ఏడుపొచ్చింది.

నేనూ నా పక్క మంచం స్నేహితుడూ ప్రతి ఆదివారం కోణమానినితో కొలుస్తున్నాం. పూర్తిగా చాపిన చెయ్యి సున్నా అనుకోండి. మంచి చెయ్యి సున్నా నుంచి సుమారు 140 డిగ్రీల దాకా మడుస్తుంది. నాది మొదట్లో 60 నుంచి 90 మధ్యే కదిలేది, అంటే అన్నం ముద్ద నోటి దాకా రాదు. ఇప్పుడు 35 నుంచి 120. ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే మేడమ్ ఒక సంగతి చెప్పారు. 1981లో అమెరికాలోని మయో క్లినిక్ డాక్టర్లు తినడం, తలుపు తియ్యడం లాంటి రోజువారీ పనులకి మోచెయ్యి ఎంత కదలాలో కొలిచారట. 30 నుంచి 130 ఉంటే చాలా పనులకి సరిపోతుందట. అంటే నాకింకా అటు 5, ఇటు 10 కావాలి. ఏడాది దాకా మెరుగవుతూనే ఉండొచ్చట. అప్పటికీ రాకపోతే బిగిసిన సంచిని కోసి వదులు చేసే ఆపరేషన్ ఉంది.

ఊళ్లో మా తాత "ఒరే, ఇప్పనూనె వెచ్చబెట్టి రుద్ది లాగితే వచ్చేస్తాది" అన్నాడు. కాలు బెణికితే మా ఊరంతా తాత దగ్గరికే వస్తారు, ఆయన చేతిలో గుణముంది. కాని ముక్కలై ఆపరేషన్ అయిన మోచెయ్యి సంగతి వేరు. డాక్టరు గారు తాతకి ఇంకెవరిదో ఎక్స్‌రే చూపించారు. కీలు ముందు కండలో మబ్బులా తెల్లగా ఉంది. అది ఎముక! దెబ్బ తిన్న కండని గట్టిగా రుద్దినా, బలవంతంగా లాగినా కండలోనే కొత్త ఎముక పుట్టవచ్చు. రుద్దకపోయినా పెద్ద దెబ్బలకి కొందరికి వస్తుంది. అది గట్టిపడిందంటే తలుపు సందులో రాయి పెట్టినట్టే. తాత "కండలో ఎముకా?" అని రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. తర్వాత నూనె మాట ఎత్తలేదు, మేక కాళ్ల పులుసు మాత్రం వారం రోజులు వండించాడు. పులుసు బాగుంది, చెయ్యి మాత్రం దానికి చాచుకోలేదు.

కాబట్టి ఆటల పీరియడ్‌లో "మేం లాగుతాం రా" అనే సీనియర్ అన్నలకు చేతులు జోడించి చెబుతున్నాను (అది మాత్రం వస్తుంది), లాగకండి. నా అంతట నేనే కదపాలి, కొంచెం నొప్పి తెలిసే దాకా, రోజుకి నాలుగైదుసార్లు.

ఇంకా వేరే ఇబ్బందులు కూడా వస్తాయి. మోచేతి లోపలి వైపు తగిలితే జిల్లుమంటుంది కదా, అక్కడ నరం ఉంది. అది నలిగితే చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతాయి. నాకు నెల రోజులుండి పోయింది. కొందరికి ఎముక అతకదు, స్క్రూలు వదులవుతాయి. అప్పుడు తుంటి ఎముక నుంచి కొంచెం తీసి పెట్టి మళ్లీ బిగిస్తారు. పొగ తాగేవాళ్లకి అతకడం ఆలస్యం. కుట్ల దగ్గర ఎర్రబడినా, చీము కారినా, జ్వరమొచ్చినా అదే రోజు ఆసుపత్రికి పోవాలి, క్రిములు ఇనుముని పట్టుకుంటే వదలవు. మన ఏజెన్సీలో సికిల్ సెల్ ఉన్నవాళ్లున్నారు. వాళ్లకి ఎముకలో చీము పట్టే ప్రమాదం ఎక్కువ, ఆపరేషన్‌కి ముందే డాక్టరుకి చెప్పాలి.

వార్డెన్ సార్లకు ఒక మనవి. ఎవరైనా మోచెయ్యి మీద పడితే సరిచెయ్యాలని లాగనివ్వకండి. వెదురుబద్దలతో బిగించి కట్టనివ్వకండి. చెయ్యి ఉన్నట్టే ఉంచి, మెడకి తువ్వాలు వేసి ఆనించి తీసుకుపోవాలి. దారిలో వేళ్లు చూస్తూ ఉండాలి. వేళ్లు చల్లబడినా, పాలిపోయినా, వేళ్లు చాపితే ప్రాణం పోయేంత నొప్పి ఉన్నా కట్టు వెంటనే వదులు చెయ్యాలి. కొన్ని గంటలు ఆలస్యమైతే కండలు చచ్చి చెయ్యి పక్షి గోరులా ముడుచుకుపోతుంది. ఈ సంగతి జర్మనీ డాక్టరు ఫోక్‌మన్ 1881లోనే రాశాడు.

నీళ్ల బకెట్ల డ్యూటీ నాకు ఇంకో రెండు నెలలు వద్దన్నారు. బదులుగా బోర్డు తుడుస్తాను, పైవరస దాకా చెయ్యి అందాలి కదా.