జీరో డోస్

ఏటా జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ టీకాల లెక్కలు వెలువడగానే ఈ మాట పతాక శీర్షికలకెక్కుతుంది. డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతాల నుంచి కాపాడే డీపీటీ టీకా తొలి మోతాదు కూడా అందని పసివాళ్లను ‘జీరో డోస్’ పిల్లలంటారు. మన దేశంలో ఆ రక్షణ పెంటావాలెంట్ టీకాలో ఉంటుంది. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు పడినా ఇది పడకపోతే ఆ బిడ్డ ఈ లెక్కలోకే వస్తుంది. 2024లో ప్రపంచంలో సుమారు 1.43 కోట్ల మంది, భారత్‌లో దాదాపు 9 లక్షల మంది ఇలా మిగిలారని ఆ సంస్థల అంచనా.

డీపీటీనే కొలమానం చేయడానికి కారణముంది. పుట్టినప్పటి టీకాలు ఆసుపత్రిలోనే వేస్తారు. పెంటావాలెంట్ మాత్రం 6, 10, 14 వారాలకు. బిడ్డను మళ్లీ నర్సు దగ్గరికి తీసుకెళ్లాలి. సరిగ్గా అక్కడే దారి తప్పుతుంది.

భిలాయి పవర్ హౌస్ ప్రాంతపు తెలుగిళ్లకు ఇది దగ్గరి విషయం. పురుడు ఆంధ్రలోని పుట్టింట్లో, కాపురం ఛత్తీస్‌గఢ్‌లో అయితే ఆరో వారం ప్రయాణాల మధ్యే గడిచిపోవచ్చు. టీకా కార్డు వెంట ఉంటే ఏ రాష్ట్రంలోని ప్రభుత్వ కేంద్రంలోనైనా ఉచితంగా వేస్తారు. ప్రభుత్వ టీకాల నమోదు వేదిక యూవిన్ పోర్టల్‌లో బిడ్డ పేరు ఉంటే వివరాలు ఆ కేంద్రంలోనూ కనిపిస్తాయి. ఎడమ తొడకు వేసే పెంటావాలెంట్ సూదికి ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు. దానికి భయపడి తర్వాతి మోతాదు మానకండి.

ఆలస్యమైనా ఏడాదిలోపు పెంటావాలెంట్ మొదలుపెట్టవచ్చు. ఆ వయసు దాటితే, ఏడేళ్లలోపు డీపీటీ వేస్తారు. మీ వీధి ఆరోగ్య కార్యకర్త మితానిన్‌నో, ఏఎన్‌ఎంనో ఈ వారమే అడగండి.