నాలుగు ట్రాకుల క్యాసెట్టును కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?

సెంగ్‌కాంగ్‌లో మన ఫ్లాట్లన్నిటికీ దాదాపు ఒక బాంబ్ షెల్టర్ ఉంటుంది. పేరుకే షెల్టర్, నిజానికి అది మన స్టోర్ రూము. పాత సూట్‌కేసులు, బొమ్మల కొలువు పెట్టెల వెనకాల వెతికితే చాలా ఇళ్లలో ఇంకా కొన్ని క్యాసెట్లు దొరుకుతాయి. ఇండియా నుంచి తెచ్చుకున్న సినిమా పాటలు పోయినా ఫరవాలేదు, అవి ఇంటర్నెట్‌లో ఉంటాయి. తాతగారి పద్యాలు, అత్తయ్య పెళ్లి పాటలు మాత్రం ఆ ఒక్క క్యాసెట్లోనే ఉంటాయి.

పిల్లలూ, మీలో చాలామంది క్యాసెట్టును చూసి ఉండరు. 1963లో ఫిలిప్స్ కంపెనీ తెచ్చిన, అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పెట్టె అది. లోపల 3.81 మిల్లీమీటర్ల వెడల్పున్న సన్నని రిబ్బను, దానిమీద ఇనుప తుప్పుకు దగ్గరి చుట్టమైన ఒక పొడి పూత. శబ్దం ఆ పొడిలో అయస్కాంత గుర్తులుగా నిలిచిపోతుంది. మామూలు క్యాసెట్లో రిబ్బను వెడల్పులో సగం 'ఏ' వైపుకు, మిగతా సగం 'బి' వైపుకు. ఒక్కో సగంలో ఎడమ, కుడి అని రెండేసి చారలు. వెరసి నాలుగు చారలు, రెండు ఇటు నడుస్తాయి, రెండు అటు.

1979లో జపాన్‌కు చెందిన టియాక్ కంపెనీ తన టాస్కామ్ పేరుమీద 'పోర్టాస్టూడియో 144' అనే యంత్రాన్ని తెచ్చింది. అది ఆ నాలుగు చారలనూ ఒకే దిక్కుకు, ఒకేసారి వాడుకుంటుంది. ముందు ఒక ట్రాకులో హార్మోనియం, అది వింటూ రెండో ట్రాకులో తబలా, తర్వాత గొంతు, ఇలా ఒక్కొక్కటీ విడివిడిగా రికార్డు చేసుకోవచ్చు. శబ్దం శుభ్రంగా రావడానికి టేపు కూడా రెట్టింపు వేగంతో, అంటే సెకనుకు సుమారు 9.5 సెంటీమీటర్లు నడుస్తుంది. బి వైపు అనేదే లేదు. కాబట్టి గంట క్యాసెట్టులో పట్టేది పదిహేను నిమిషాలే! అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో విడుదల చేసిన 'నెబ్రాస్కా' ఆల్బమ్ ఇలాంటి యంత్రం మీదే ఇంట్లో రికార్డు అయింది.

మా బడికి వచ్చే ఒక కుటుంబం దగ్గర ఇలాంటి క్యాసెట్టు ఒకటి ఉంది. 1990లలో వాళ్ల నాన్నగారు ఇక్కడ ఉద్యోగం చేస్తూ, మిత్రులతో కలిసి ఉగాది కార్యక్రమం కోసం రికార్డు చేసినది. అప్పుడు చూడ్డానికి వచ్చిన అమ్మమ్మగారి చేత ఒక మంగళహారతి కూడా పాడించారట. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు. ఆ టేపును మామూలు టేప్‌రికార్డర్‌లో పెడితే ఎవరో నిద్రలో మూలిగినట్టు వినిపించింది. తిప్పి పెడితే మాటలు వెనక నుంచి ముందుకు వచ్చాయి. పిల్లలు దెయ్యం అని నవ్వారు, పెద్దవాళ్లు టేపు పాడైపోయిందనుకున్నారు. పాడవలేదు. రెట్టింపు వేగంతో రికార్డు చేసినది సగం వేగంతో నడిచింది, అంతే. తిప్పినప్పుడు మూడు, నాలుగు ట్రాకులు తలకిందులుగా పలికాయి. ఈ సంగతి తెలియక ఎన్ని టేపులు చెత్తబుట్ట పాలయ్యాయో!

అందుకని మొదట కావలసింది అలాంటి యంత్రమే. కొత్తవి దొరకవు గనక కారొసెల్‌లో సెకండ్‌హ్యాండ్‌వి వెతకాలి, లేదా దాచుకున్నవాళ్లను అడగాలి. వేగం ఒకటే అయితే సరిపోదు. రికార్డు చేసేటప్పుడు బుస శబ్దం తగ్గించడానికి డాల్బీ వాడారా, డీబీఎక్స్ వాడారా చూసి, వినేటప్పుడు అదే పెట్టాలి. డీబీఎక్స్‌తో చేసినదాన్ని అది లేకుండా వింటే గొంతు కీచుగా, పీల్చినట్టు ఉంటుంది. తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని సులువుగా సరిచేయలేదు.

రెండోది ఆడియో ఇంటర్‌ఫేస్. యూఎస్‌బీతో కంప్యూటర్‌కు తగిలించే చిన్న పెట్టె ఇది. టేపు నుంచి వచ్చే విద్యుత్ తరంగాన్ని సెకనుకు 48,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. లాప్‌టాప్‌కు ఉన్న మైక్ రంధ్రంలో గుచ్చితే పని కాదు, అది మైకు కోసం చేసినది, శబ్దం పగిలిపోతుంది. ఇంటర్‌ఫేస్ కొనేముందు వెనకనున్న లైన్ ఇన్‌పుట్ సాకెట్లు లెక్కపెట్టుకోండి. చవకవాటికి రెండే ఉంటాయి, మనకు నాలుగు కావాలి. యంత్రం వెనక 'టేప్ అవుట్' అని నాలుగు సాకెట్లుంటే ఒక్కోదాన్నీ ఒక్కో ఇన్‌పుట్‌కు కలపాలి.

రెండు ఇన్‌పుట్లతో రెండుసార్లు నడిపితే రాదా అని మమ్మల్ని అడిగారు. వస్తుంది, కానీ టేపు మోటారు ప్రతిసారీ కచ్చితంగా ఒకే వేగంతో తిరగదు. వెయ్యింట ఒక వంతు తేడా ఉన్నా, ఐదు నిమిషాల పాటలో చివరికి 0.3 సెకను తేడా వస్తుంది. తబలా ఒకచోట, గొంతు ఇంకోచోట. తాళం తెలిసిన ఏ చెవీ దాన్ని ఒప్పుకోదు. నాలుగూ ఒకేసారి ఎక్కిస్తే ఈ బెడదే లేదు.

ఇక టేపు సంగతి. ఇక్కడి ఉక్కపోతకు క్యాసెట్లకు బూజు పడుతుంది. కిటికీలోంచి చూసినప్పుడు రిబ్బను చుట్ట మీద తెల్లని మచ్చలు కనిపిస్తే యంత్రంలో పెట్టకండి, ఆ బూజు హెడ్డుకు అంటి తర్వాతి క్యాసెట్లకు కూడా పాకుతుంది. హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన కాటన్ బడ్‌తో తుడిచి ఆరనివ్వాలి. క్యాసెట్టు వెనక అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ పలకలు రెండూ విరగ్గొట్టేయండి, అవి లేకపోతే పొరపాటున ఎవరు రికార్డు బటన్ నొక్కినా పాట చెరిగిపోదు. రిబ్బను వెనకుండే స్పంజి ముక్క ఊడిపోతే కంగారు పడక్కరలేదు, మరలు ఉన్న ఇంకో క్యాసెట్టు పెట్టెలోకి రిబ్బను చుట్టలను మార్చుకోవచ్చు. ఓపిక కావాలి, ఫ్యాన్ ఆపుకోవాలి!

కంప్యూటర్‌లో 24 బిట్లు ఎంచుకుని, అన్నిటికన్నా పెద్ద శబ్దం కూడా మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఉండేలా స్థాయి పెట్టండి. సున్నా దాటితే పగులుతుంది. ఉచితంగా దొరికే ఆడాసిటీ చాలు. కొన్ని కంప్యూటర్లలో అది రెండు ఛానెళ్లనే చూస్తుంది, అప్పుడు ఇంటర్‌ఫేస్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్ వాడాలి. పదిహేను నిమిషాల టేపు నాలుగు ట్రాకులకు సుమారు 520 ఎంబీ అవుతుంది. ఆ వేవ్ ఫైళ్లను ముట్టుకోకుండా రెండు చోట్ల దాచి, బుస తీసేయడం లాంటి పనులు నకలు మీద చేయండి. ఎంపీత్రీ బంధువులకు పంపడానికే.

యంత్రం దొరకనే లేదనుకోండి, మామూలు స్టీరియో డెక్‌లో రెండు వైపులా రికార్డు చేసి, వేగం రెట్టింపు చేసి, రెండో వైపుది సాఫ్ట్‌వేర్‌లో తిరగేయవచ్చు. నాణ్యత తగ్గుతుంది, కలపడం కష్టం. అయినా ఏమీ లేకపోవడం కన్నా మేలు.

ఆ కుటుంబం టేపులో మూడో ట్రాకు అమ్మమ్మగారిది. తబలా, హార్మోనియం ఆపేసి ఆ ఒక్కటే పెడితే, ఆవిడ ఊపిరి తీసుకోవడం, 'ళ' ని నాలుక మడిచి పలకడం స్పష్టంగా వినిపిస్తాయి. 'ళ'ను 'ల'గా పలికే మనవరాలికి మేము వంద సార్లు చెప్పినా పట్టుబడనిది, అది విని రెండు వారాల్లో పలికింది.

మీ ఇంట్లో క్యాసెట్లు ఉంటే శనివారం తరగతి అయ్యాక తీసుకురండి. ముందుగా ప్లే చేసి చూడకండి, డబ్బాలో అట్ట మీద ఏం రాసి ఉందో అలాగే ఉంచండి. ఎవరు పాడారో, ఏ ఊర్లోనో మీకు తెలిసినది ఒక కాగితం మీద రాసి జతచేయండి.